బ్యాండ్ ఇడిసే ముందు పాట ఎవరిదో తేలాలె

పెళ్లి పందిట్లో ఆర్కెస్ట్రా సామాను సర్దుతుంటే ఎవరో ఒక పెద్దాయన స్టేజీ దగ్గరికొచ్చి, పాడిన పిల్లగాని భుజం తడతాడు. "గొంతు మంచిగున్నది తమ్మీ. ఎన్నేండ్లు మంది పాటలు పాడుతవ్? సొంతంగ ఒకటి దియ్యరాదు?" దేవరకొండలోనైనా జడ్చర్లలోనైనా ఈ మాట వినని ఆర్కెస్ట్రా గాయకుడు ఉండడు. ఆయన అనేది మెచ్చుకోలుగానే. ఆ మాట పట్టుకొని బయల్దేరిన పిల్లలకు తర్వాత ఏమవుతుందో చూస్తే మాత్రం కొంచెం ఆగి మాట్లాడాలనిపిస్తుంది.

సాధారణంగా అయ్యేది ఇది. పిల్లగాడు పాట రాసుకుంటాడు. తెలిసిన అన్న ఒకాయన యూట్యూబ్ చానల్ వాళ్ల దగ్గరికి తీసుకుపోతాడు. ట్రాక్ వాళ్లే చేయిస్తారు, డాన్స్ పిల్లలను వాళ్లే తెస్తారు, చెరువుకట్ట మీద ఒకరోజు, పత్తిచేన్ల ఒకరోజు షూటింగ్ అవుతుంది. పాట వస్తుంది, బరాత్‌లో డీజే బాక్సుల మీద మోగుతుంది. ఊర్లో ఫ్లెక్సీ కూడా కడతారు. ఏడాది గడిచాక పిల్లగాడు సొంత చానల్ పెట్టుకొని, ఆ ట్రాక్ మీద తాను స్టేజీపై పాడిన వీడియో ఎక్కిస్తాడు. పొద్దున లేచేసరికి చానల్ వాళ్లనుంచి కాపీరైట్ క్లెయిమ్, అంటే ఈ ట్రాక్ మాదన్న దావా. మాట తనది, బాణీ తనది, గొంతు తనది. వీడియో మీద వచ్చే పైసలు మాత్రం వేరేవాళ్లవి.

బ్యాండ్ నుంచి సోలోకి పోయేవాళ్ల గురించి మాట్లాడితే అందరం గొంతు గురించో, అదృష్టం గురించో మాట్లాడతాం. నాకు కనబడే చిక్కు వేరు. ఆర్కెస్ట్రాలో అయిదారేండ్లు పాడినవాడికి "ఈ పాట ఎవరిది?" అని అడిగే అలవాటే ఉండదు. పాట సినిమాది, శ్రుతి కీబోర్డ్ అన్నది, తాళం ప్యాడ్ వాయించే తమ్మునిది, వంత పక్కవాళ్లది. తాను అందులో ఒక గొంతు. సొంతంగా నిలబడాలంటే మొదట అడగాల్సిన ప్రశ్న ఇదే. దానికి రెండు అర్థాలున్నాయి. బ్యాండ్ తీసేశాక పాటలో తనది ఎంత మిగులుతుందన్నది ఒకటి. కాగితం మీద పాట ఎవరి పేరున ఉందన్నది రెండోది. ఈ రెండూ తేలకముందే బ్యాండ్ వదలడం తొందరపాటని నా అభిప్రాయం.

చౌరస్తా బ్యాండ్ నుంచి రామ్ మిరియాల బయటికొచ్చి పేరు తెచ్చుకోలేదా అని అడుగుతారు. తెచ్చుకున్నాడు. కానీ ఆ బ్యాండ్ సొంత పాటలు కట్టుకున్న బ్యాండ్. జనం ఆయన గొంతును మొదట విన్నది తమ సొంత పాటల్లోనే. బయటికొచ్చేనాటికే ఆయన మాట తీరు, బాణీ తీరు వినేవాళ్లకు తెలుసు. పెళ్లిళ్లలో హిట్ పాటలు పాడే ఆర్కెస్ట్రా గాయకుడికి ఆ సౌకర్యం లేదు. జనం మెచ్చుకునేది "అచ్చం సినిమాలో పాడినట్టే పాడిండు" అని. సోలోకి అదే అడ్డం.

వంత లేకపోతే

పాట రాసి, బాణీ కట్టి, తానే పాడేవాడు మన దిక్కున కొత్త కాదు. వాగ్గేయకారుడు అనే మాట మనకు ఎప్పటినుంచో ఉంది. నాగర్‌కర్నూల్ జిల్లా గౌరారం నుంచి వచ్చిన గోరటి వెంకన్నకు 'వల్లంకి తాళం' మీద 2021 సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. రాసిన మనిషే చిందేసి పాడతాడు. అయితే మన పాట కట్టుబడే నలుగురిని నమ్ముకున్నది. బతుకమ్మ ఆటలో ఒకామె పాట చెబితే చుట్టూ ఉన్నవాళ్లు "ఉయ్యాలో" అని అందుకుంటారు. బుర్రకథలో కథకునికి అటొకరు ఇటొకరు వంతలుంటారు. అందుకునేవాళ్లు పాడుతున్నంతసేపు పాట చెప్పేవాడు దమ్ము తీసుకుంటాడు, తర్వాతి చరణం గుర్తు తెచ్చుకుంటాడు, ముందు వరుసలో కూర్చున్నవాళ్ల మొహాలు చూస్తాడు.

బ్యాండ్‌లో ఆ పని కోరస్, కీబోర్డ్ బిట్టు, ప్యాడ్ మీది రోల్ పంచుకుంటాయి. వాటిని తీసేస్తే ప్రతి చరణం చివరా గుంత. కొత్తగా సోలోకి వచ్చినవాళ్ల మొదటి పాట వింటే ఆ గుంత వెంటనే దొరుకుతుంది. అక్కడ హడావుడిగా "హే", "హోయ్" అని నింపి ఉంటారు, లేదంటే కంప్యూటర్ మీద ట్రాక్ కట్టే ప్రోగ్రామర్ అక్కడ ఒక సన్నాయి ముక్క అతికించి ఉంటాడు.

దీనికి పరీక్ష తేలిక. వాయిద్యం లేకుండా, తాళం కూడా వేసుకోకుండా పాట మొత్తం పాడి ఫోన్‌లో రికార్డ్ చేయాలి. మర్నాడు మెట్రోనోమ్ యాప్, అంటే ఒకే వేగంతో తాళం కొట్టే యాప్, పెట్టుకొని వినాలి. ఎక్కడ వేగం పెరిగిందో అక్కడ ఇన్నాళ్లూ బ్యాండ్ మోసింది. చాలామందికి పల్లవి నుంచి చరణంలోకి దిగే చోట పెరుగుతుంది. ఎక్కడ మాట మింగాడో అక్కడ దమ్ము చాలలేదు. ఆ లైను తిరగరాయాలి, రెండక్షరాలు తగ్గించాలి. రాసినవాడూ పాడేవాడూ ఒకడే అయితే ఉన్న లాభం ఇదొక్కటే, దాన్ని వాడుకోకపోతే ఎట్లా?

గుంత పూడ్చడానికి దారులున్నాయి. వాయిద్యంతో జవాబు చెప్పించడం మన పాత పద్ధతి. 2022లో పద్మశ్రీ అందుకున్న కిన్నెర మొగులయ్య కూడా నాగర్‌కర్నూల్ జిల్లా మనిషే. ఆ 12 మెట్ల కిన్నెర పాటకు ఆనుకొని మోగడమే కాదు, పాట ఆగిన చోట తానే అందుకుంటుంది. గిటార్ పట్టుకున్న పిల్లలు దీన్ని వింటే మంచిది. వాళ్లు పాట పొడుగునా ఒకే తీరుగా తీగలు గీకుతూ, గొంతు ఆగినప్పుడు కూడా అదే గీకుడు కొనసాగిస్తారు. గొంతు ఉన్నప్పుడు తగ్గించి, ఆగినప్పుడు నాలుగు స్వరాల జవాబు వాయిస్తే ఆ పాట ఒక్కడు పాడినట్టుండదు.

రెండో దారి తన గొంతునే వంతగా వాడుకోవడం. ఇక్కడ ఒక తప్పు తరచూ జరుగుతుంది. పాడిన ట్రాక్‌నే కాపీ చేసి పక్కన పెడతారు. అట్లా చేస్తే శబ్దం పెరుగుతుందే తప్ప ఇద్దరు పాడినట్టు రాదు. మళ్లీ మళ్లీ కొత్తగా పాడాలి. ఒక్కోసారి పాడినప్పుడు వచ్చే చిన్న తేడాలే కోరస్ అవుతాయి. అసలు గొంతు మధ్యలో, వంత గొంతులు రెండు కుడి ఎడమల్లో, 8 నుంచి 10 డెసిబెల్స్ తక్కువగా పెడితే చాలు. వంత పాడేటప్పుడు "స", "ట", "ప" అక్షరాలను మెత్తగా పలకాలి. మూడు గొంతుల్లో ఆ అక్షరాలు ఒక్కసారే పడవు, చప్పుడు చెదిరిపోతుంది.

శ్రుతి సంగతి

ఆర్కెస్ట్రాలో శ్రుతి గాయకుడి చేతిలో ఉండదు. సినిమా పాట ఏ శ్రుతిలో ఉంటే అందులోనే, లేకుంటే కీబోర్డ్ మీద ట్రాన్స్‌పోజ్ మీట నొక్కి అరమెట్టో మెట్టో దించుతారు. మగపిల్లలకు తెలియకుండానే గొంతు పై అంచులో పాడే అలవాటు పడుతుంది, ఎందుకంటే చప్పట్లు అక్కడే పడతాయి. ఆడపిల్లలకు ఇంకా అన్యాయం. యుగళగీతాన్ని మగ గొంతుకు సరిపోయే తక్కువ శ్రుతిలో, ఒకటిన్నరలోనో రెండులోనో పెడతారు. అంతకన్నా ఎత్తైన అయిదు శ్రుతిలో హాయిగా పాడగల పిల్ల ఏండ్లకేండ్లు కింది స్వరాల్లో గొణగాల్సి వస్తుంది, లేదంటే పై స్థాయిలో అరవాల్సి వస్తుంది. ఆమెకు తన అసలు గొంతు ఏదో ఎవరూ చెప్పి ఉండరు.

సొంత పాటకు శ్రుతి పెట్టుకునేటప్పుడు మూడు శ్రుతుల్లో పాడి రికార్డ్ చేసి చూడాలి: అనుకున్నది, ఒక మెట్టు కింద, రెండు మెట్లు కింద. పాటలో అన్నిటికన్నా పై స్వరం, తన గొంతు తేలిగ్గా అందుకునే పై స్వరం కన్నా కనీసం ఒక మెట్టు కిందనే ఉండాలి. స్టూడియోలో అందిన స్వరం ఎండాకాలం రాత్రి, రెండు గంటలు పాడాక, జనరేటర్ పొగలో అందదు. మన జానపద బాణీలు చాలావరకు అయిదారు స్వరాల లోపలే తిరుగుతాయి. వాటి బలం మాటలో, విరుపులో ఉంటుంది. అలాంటి బాణీని పెద్ద శ్రుతిలో పెట్టి అరిపిస్తే మాట పోతుంది. పాలమూరు యాస కూడా పోతుంది, ఎందుకంటే ఎత్తు గొంతులో అచ్చులన్నీ ఒకే తీరుగా వినబడతాయి.

బ్యాండ్‌లో పుట్టిన పాట

ఇక కాగితం సంగతి. ఆర్కెస్ట్రా కాకుండా సొంత పాటలు కట్టే చిన్న బ్యాండ్‌లు కాలేజీల దగ్గర అక్కడక్కడా ఉన్నాయి. అక్కడ పాట నలుగురి మధ్య పుడుతుంది. ఒకడు రెండు లైన్లు అంటాడు, గిటార్ వాయించేవాడు బాణీ తిప్పుతాడు, ప్యాడ్ తమ్ముడు నడక మారుస్తాడు. గాయకుడు బయటికి పోయి ఆ పాటను తన మొదటి సోలోగా విడుదల చేస్తే దోస్తాన్ చెడుతుంది. తప్పు ఎవరిదని అడిగితే కాగితం లేకపోవడానిదే అంటాను.

మన కాపీరైట్ చట్టం, అంటే 1957 చట్టం, పాటను మూడు ముక్కలుగా చూస్తుంది. మాటలు సాహిత్య రచన, వాటికి కర్త రాసినవాడు. బాణీ సంగీత రచన, దానికి కర్త కట్టినవాడు. రికార్డింగ్ మూడోది, దానికి కర్త నిర్మాత, అంటే ఆ రికార్డింగ్‌కు పూనుకొని బాధ్యత మోసినవాడు. పాడినవాడికి వేరుగా ప్రదర్శకుడి హక్కు ఉంటుంది. ఈ నాలుగూ ఒకే మనిషివి కావచ్చు, నలుగురివి కావచ్చు. ఇద్దరు కలిసి బాణీ కట్టి, ఎవరిదెంతో విడదీయలేనట్టయితే అది ఉమ్మడి రచన. మాటలూ బాణీ సగం సగం అనుకుంటే, ఇద్దరు కట్టిన బాణీలో ఒక్కొక్కరికి పాతిక వాటా. ఈ లెక్క పాట పుట్టిన వారంలోనే రాసుకోవాలి. పైసలు వచ్చాక రాద్దామంటే ఎవరికీ గుర్తుండదు, గుర్తున్నా ఒక్కతీరుగా ఉండదు.

ఒక పేజీ చాలు. పాట మొదటి లైను, తేదీ, మాటలెవరివి, బాణీ ఎవరిది, ఎంత వాటా, బ్యాండ్ విడిపోతే ఎవరెవరు స్టేజీ మీద పాడుకోవచ్చు, కొత్తగా రికార్డ్ చేయాలంటే ఎవరి ఒప్పుకోలు కావాలి. అందరి సంతకాలు.

ఒక చోట నాకూ తేలదు. కీబోర్డ్ అన్న వేసిన బిట్టుకు వాటా ఇవ్వాలా? పాట వినగానే జనం ముందుగా ఈల వేసేది చాలాసార్లు ఆ బిట్టునే. ప్రోగ్రామింగ్‌కు పైసలు తీసుకున్నాడు కదా, పేరు వేస్తే చాలు అంటారు కొందరు. జనం కూనిరాగం తీసేది ఆ బిట్టునే అయితే అది బాణీలో భాగమని, వాటా ఇవ్వాలని నేనంటాను. చట్టం ఈ సందులో మరీ స్పష్టంగా ఏమీ లేదు. మనిషి మీద మనిషికి ఉన్న మర్యాదే తేల్చాలి.

బ్యాండ్ పేరు, ఫేస్‌బుక్ పేజీ, ఫ్లెక్సీల మీద అచ్చయిన ఫోన్ నంబర్ కూడా ఇట్లాంటివే. ఆ నంబర్ గాయకుడిదే అయితే పెళ్లి పిలుపులు ఇంకా రెండేండ్లు ఆయనకే వస్తాయి. ఒప్పుకున్న తేదీలు పాడి పోవడం, నంబర్‌కు వచ్చిన పిలుపులు బ్యాండ్‌కు చెప్పడం కనీస ధర్మం.

చానల్ వాళ్ల బేరం

చానల్ వాళ్లను దొంగలని నేననను. ట్రాక్, స్టూడియో, కెమెరా, డాన్సర్లు, భోజనాలు, ఎడిటింగ్ అన్నిటికీ వాళ్లే పెడతారు. ఆడని పాటల నష్టమూ వాళ్లదే. చందాదారులు లక్షల్లో ఉన్న చానల్ మీద పాట పడితే ఒక్క రాత్రిలో పోయినంత దూరం సొంత చానల్ మీద రెండేండ్లకు కూడా పోకపోవచ్చు. ఇంట్లో కిస్తీలున్న ఇరవై ఏండ్ల పిల్లగాడికి చేతిలో పడే పైసలు ముఖ్యం. "హక్కులు నీ దగ్గరే పెట్టుకో" అని సలహా ఇవ్వడం నాలాంటోళ్లకు తేలిక.

అయినా మొదటి మూడు పాటలు అమ్మొద్దనే అంటాను. మొదటి పాటలతోనే మనిషికి గుర్తింపు ఏర్పడుతుంది. అవి వేరేవాళ్ల చానల్ మీద, వేరేవాళ్ల మొహాలతో పోతే, జనానికి గుర్తుండేది డాన్స్ చేసిన పిల్ల, చానల్ పేరు. రాసి పాడినవాడి పేరు డిస్క్రిప్షన్‌లో ఎనిమిదో లైనులో ఉంటుంది. నాలుగో పాట అమ్ముకున్నా ఫరవాలేదు, అప్పటికి బేరమాడే బలం ఉంటుంది.

అమ్మాల్సే వస్తే ఏం అమ్ముతున్నాడో తెలిసి అమ్మాలి. హక్కుల బదిలీ రాతపూర్వకంగా, ఇచ్చేవాడి సంతకంతో ఉంటేనే చెల్లుతుందని 19వ సెక్షన్ చెబుతుంది. ఎన్నాళ్లకో రాయకపోతే 5 ఏండ్లకే. ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశం వరకే. తీసుకున్నవాడు ఏడాదిలోగా వాడకపోతే, ఒప్పందంలో వేరుగా రాసి ఉంటే తప్ప, ఆ హక్కు తిరిగి వచ్చినట్టే. అందుకే ఒప్పందాల్లో "శాశ్వతంగా", "ప్రపంచమంతటా" అన్న రెండు మాటలు తప్పకుండా ఉంటాయి. సంతకం పెట్టే ముందు వెతకాల్సినవి ఆ రెండే.

2012 సవరణ ఒకటి మన పిల్లలకు బొత్తిగా తెలియదు. రికార్డింగ్‌లో వాడిన మాటలకు, బాణీకి వచ్చే రాయల్టీని హక్కు తీసుకున్నవాడితో సమానంగా పంచుకునే హక్కును రచయిత వదులుకోవడం కుదరదు. వారసులకు, కాపీరైట్ సొసైటీకి తప్ప ఇంకెవరికీ రాసివ్వలేడు. "సర్వహక్కులు ఇచ్చేశాను" అని రాసినా ఈ ముక్క పోదు. దాన్ని వసూలు చేసే సొసైటీ ఐపీఆర్‌ఎస్, మాటలు రాసినవాళ్లకు, బాణీ కట్టినవాళ్లకు అది. అందులో ముందుగా చేరి, తర్వాత చానల్‌తో ఒప్పందం చేసుకుంటే ఇంకో బలం ఉంది. సొసైటీకి అప్పటికే ఇచ్చిన హక్కులకు విరుద్ధంగా చేసే బదిలీ చెల్లదని అదే 19వ సెక్షన్ అంటుంది. కాబట్టి వరుస ముఖ్యం: రాయడం, చేరడం, ఆ తర్వాతే సంతకం.

బేరంలో నేనైతే ఇట్లా అడగమంటాను. రికార్డింగ్, వీడియో 5 ఏండ్లు మీవి. మాటలు, బాణీ నావి. స్టేజీ మీద నేను ఎప్పుడైనా పాడుకుంటాను, ఆ వీడియోలు నా చానల్‌లో పెట్టుకుంటే క్లెయిమ్ వేయొద్దు. రెండేండ్ల తర్వాత వేరే తీరుగా మళ్లీ రికార్డ్ చేసుకుంటాను. పేరు వీడియో మొదటి పది సెకన్లలో తెర మీద రావాలి. వీటిలో అయిదూ ఒప్పుకోకపోయినా, స్టేజీ వీడియోల ముక్క మాత్రం విడవొద్దు.

కాపీరైట్ రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, పాట పుట్టగానే హక్కు పుడుతుంది. గొడవ వస్తే సాక్ష్యానికి పనికొస్తుంది. సాహిత్యానికి 500 రూపాయలు, సంగీతానికి 500, రికార్డింగ్‌కు 2000. దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే, అభ్యంతరాల కోసం 30 రోజులు ఆపుతారు.

అమ్మమ్మ పాట మీద పేరు ఎవరిది?

ఇక్కడ ఎదుటివాళ్ల ప్రశ్న గట్టిది. హక్కులంటూ ఇంత మాట్లాడే పిల్లగాడు తన పాట పల్లవి ఎక్కడినుంచి తెచ్చాడు? నాట్లేసేటప్పుడు పాడే పాటలోని రెండు లైన్లు, కురుమూర్తి జాతరకు పోయే బండ్ల మీద విన్న బాణీ. దానికి "రచన, సంగీతం" అని తన పేరు వేసుకున్నాడు. చానల్ వాళ్లు చేసిందీ ఇదీ వేరా?

పూర్తిగా వేరని చెప్పలేను. జనం నోట్లో తరతరాలుగా ఉన్న పాట మీద ఎవరికీ కాపీరైట్ లేదు. దాన్ని ఎవరైనా పాడొచ్చు, రికార్డ్ చేయొచ్చు. కొత్తగా కలిపిన మాటల మీద, కొత్తగా చేసిన రికార్డింగ్ మీద మాత్రమే హక్కు. సుద్దాల హనుమంతు గొల్లసుద్దుల రూపం తీసుకొని సాయుధ పోరాటం నాటి మాటలు అందులో పెట్టాడు. రూపం జనానిది, మాటలు ఆయనవి. ఆ గీత అక్కడ స్పష్టంగా ఉంది. ఇప్పటి పాటల్లో దాన్ని చెరిపేస్తున్నారు. పల్లవి జానపదం, చరణాలు ఫలానావాళ్లవి అని రాస్తే ఎవరి పరువూ పోదు. పాట ఏ ఊర్లో విన్నారో రాస్తే ఇంకా మంచిది. పైగా పని కూడా తేలికవుతుంది: అదే పల్లవి మీద ఇంకొక చానల్ క్లెయిమ్ వేసినప్పుడు, ఇది జనం పాట, నా రికార్డింగ్ వేరు అని డిస్ప్యూట్‌లో, అంటే క్లెయిమ్‌కు ఎదురు జవాబులో, చెప్పుకోవడానికి మొదటినుంచీ రాసిన మాట అక్కరకొస్తుంది.

అద్దె గదిలో రికార్డింగ్

పెద్ద స్టూడియో కావాలంటే హైదరాబాద్ పోవాలి అన్నది పాత మాట. గొంతు, గిటార్ వరకు అద్దె గదిలో అయిపోతుంది. చిన్న చప్పుడునూ పట్టే ఒక కండెన్సర్ మైక్, దానికి కావాల్సిన 48 వోల్టుల కరెంటు (ఫాంటమ్ పవర్) ఇస్తూ మైక్‌ను కంప్యూటర్‌కు కలిపే ఆడియో ఇంటర్‌ఫేస్, హెడ్‌ఫోన్, నోటి గాలి మైక్‌కు తగలకుండా ఆపే పాప్ ఫిల్టర్. గదిలో మంచం, పరుపు ఉండనివ్వాలి. పాడేవాడి వెనక గోడకు రెండు బొంతలు వేలాడదీయాలి. అందరూ మైక్ వెనక గోడకు కడతారు, కానీ మైక్ వినేది పాడేవాడి వైపు, అటునుంచి వచ్చే చప్పుడునే. నోటికి మైక్‌కు జానెడు దూరం. 24 బిట్‌లో రికార్డ్ చేస్తూ, గట్టిగా పాడిన చోట కూడా మీటర్ మైనస్ 10 డెసిబెల్స్ దాటకుండా గెయిన్, అంటే మైక్ చప్పుడును పెంచే మీట, పెట్టాలి. మీటర్ ఎర్రగా అయితే తర్వాత ఎవరూ బాగుచేయలేరు.

నల్లగొండ ఎండల్లో ఫ్యాన్ ఆపి పాడటం చెప్పినంత తేలిక కాదు. ఇరవై నిమిషాలు పాడి, పది నిమిషాలు తలుపు తీసి, మళ్లీ పాడాలి. తెల్లవారుజామున మూడు నుంచి అయిదు లోపు అయితే లారీల చప్పుడు కూడా తక్కువ. పక్కింటి బోరు మోటర్ టైమింగ్ ముందే కనుక్కోవాలి.

డప్పును మాత్రం ఆ గదిలో పెట్టొద్దు. చిన్న గదిలో గోడలకు కొట్టుకొని తగరం డబ్బాలాగా వినబడుతుంది. మిద్దె మీద, గాలి లేని వేళ, మైక్‌ను మీటరు దూరంలో పెట్టి రికార్డ్ చేస్తే సిర్ర (లావు పుల్ల) దెబ్బ, సిటికెన పుల్ల (సన్న పుల్ల) చప్పుడు వేరువేరుగా వస్తాయి. డప్పు కాచిన కొత్తలో శ్రుతి ఎక్కువ, చల్లారినకొద్దీ దిగుతుంది. మొదటి టేక్‌లోని చరణాన్ని అరగంట తర్వాతి టేక్‌కు అతికిస్తే ఎవరికైనా తెలిసిపోతుంది. ప్రతి టేక్‌కు ముందు కాచుకోవాలి. ముసురు పట్టిన రోజు అసలు పెట్టుకోవద్దు.

విడుదల సంగతి తొందరగా చెప్పేస్తాను. స్పాటిఫై, జియోసావన్ లాంటివాటికి డిస్ట్రిబ్యూటర్, అంటే పాటను వాటికి చేరవేసే కంపెనీ, ద్వారా పోవాలి. విడుదల తేదీ నెల ముందే పెట్టుకోవాలి, స్పాటిఫై ఎడిటర్లకు పాట పంపాలంటే కనీసం 7 రోజుల ముందు అక్కడ ఉండాలి. ప్రతి రికార్డింగ్‌కు గుర్తుగా వచ్చే 12 అక్షరాల ఐఎస్‌ఆర్‌సీ కోడ్ రాసి పెట్టుకోవాలి, రేపు డిస్ట్రిబ్యూటర్‌ను మార్చినా అదే కోడ్ ఇవ్వాలి, లేకుంటే పాత వినికిడి లెక్క కొత్తదానికి రాకపోవచ్చు. కళాకారుడి పేరు ఇంగ్లిష్ లిపిలో ఒకసారి ఎట్లా రాస్తే ఎప్పుడూ అట్లానే. పైసల మీద ఆశ పెట్టుకోవద్దు: స్పాటిఫైలో 12 నెలల్లో 1000 సార్లు వినబడని పాటకు రికార్డింగ్ రాయల్టీ లెక్కే మొదలు కాదు. యూట్యూబ్‌లో ప్రకటనల వాటాకు 1000 మంది చందాదారులు, ఏడాదిలో 4000 గంటల వీక్షణ కావాలి, లేదంటే 90 రోజుల్లో కోటి షార్ట్స్ వ్యూస్.

ఒక్కడే స్టేజీ ఎక్కితే

ఆర్కెస్ట్రాలో నలుగురు గాయకులు వంతులవారీగా పాడతారు, గంటకు ఒక్కొక్కరికి మూడు నాలుగు పాటలు. ఆ లెక్కతో రెండు గంటల సోలో ఒప్పుకుంటే గొంతు మొదటి గంటలోనే కూర్చుంటుంది. మొదట్లో 25 నిమిషాలు, ఆరు పాటలు చాలు. ఎత్తు పాట మూడోదిగా పెట్టాలి. మొదటిదిగా పెడితే గొంతు వేడెక్కి ఉండదు, చివరిదిగా పెడితే మిగిలి ఉండదు.

ట్రాక్ మీద పాడేవాళ్లు ఎడమ చానల్‌లో క్లిక్ (తాళం చెప్పే టక్ టక్ చప్పుడు), కుడి చానల్‌లో సంగీతం పెట్టుకుంటారు. ఎడమది చెవిలోకి, కుడిది బాక్సుల్లోకి. ఊర్ల సౌండ్ తమ్ముడు స్టీరియో పిన్ను నేరుగా మిక్సర్‌లో గుచ్చి రెండూ పైకి లేపుతాడు. పాటతోపాటు టక్ టక్ అని క్లిక్ చెరువుగట్టు దాకా వినబడుతుంది. స్టీరియో పిన్ను నుంచి రెండు మోనో పిన్నులుగా చీలే వైరు తన సంచిలో తానే తెచ్చుకోవాలి, ఏ పిన్నుకు ఏదో రంగు టేపు చుట్టుకోవాలి. ఫోన్ నుంచి ట్రాక్ పెడితే ఫ్లైట్ మోడ్.

ఇంకొకటి ఎకో. మన సౌండ్ వాళ్లకు ఎకో అంటే ప్రాణం. సినిమా పాటకు పనికొస్తుంది, మాట మీద నడిచే పాటను ముంచేస్తుంది. "అన్నా, ఎకో తియ్యన్నా" అంటే మైక్ పాడైందనుకుంటారు. పూర్తిగా తీయమనకుండా, పాట వేగానికి సరిపెట్టమని అడగాలి. 60,000ను బీపీఎంతో, అంటే నిమిషానికి పడే దెబ్బల లెక్కతో, భాగిస్తే మిల్లీసెకన్లలో ఒక దెబ్బ కాలం వస్తుంది. 120 వేగం పాటకు 500. అందులో సగం, 250 పెట్టి మోతాదు తగ్గిస్తే మాట మీద మాట పడదు. మైక్ జాలీని పిడికిట్లో మూసి పట్టుకోవడం మానేస్తే కుయ్యిమనే సగం గోల దానంతటదే పోతుంది.

ఇదంతా చదివి బ్యాండ్ ఎప్పుడు వదలాలి అని అడిగితే, వదలడానికి తొందరేముంది అంటాను. ఆషాఢంలో పెళ్లిళ్లుండవు, మూఢంలో ఉండవు. రాయడం, రికార్డింగ్ ఆ నెలల పని. శ్రావణంలో కీబోర్డ్ అన్న ఫోన్ చేసి "తమ్మీ, సూర్యాపేటల పెండ్లున్నది, వస్తవా?" అంటే పోవాలి. అక్కడ సాయంత్రం సౌండ్ చెక్ అప్పుడు "హలో, మైక్ టెస్ట్, వన్ టూ త్రీ" అనే బదులు తన కొత్త పాట ఒక చరణం పాడి చూసుకోవచ్చు. అప్పటికి ఇంకా కుర్చీలు వేస్తుంటారు, వంటవాళ్లు ఉల్లిగడ్డ కోస్తుంటారు, ఎవరూ వినడానికి వచ్చినవాళ్లు కాదు. వాళ్లలో ఒక్కరైనా చేతిలో పని ఆపి స్టేజీ వైపు చూస్తారా లేదా అన్నది చూడాలి. చూడకపోతే ఆ చరణం ఇంటికి తెచ్చి మళ్లీ రాయాలి.